గెయిన్ పావుకు మించితే

ఆ రోజు లక్సెట్టిపేటలోని ఆ ఇంట్లో అయిదుగురున్నారు. రాడార్ శాస్త్రవేత్త రాజేశ్వర్‌రావు, సెలవు ముగించుకుని రైలుకు బయలుదేరుతున్నాడు. ఆయన తల్లి జానకీబాయి. వంటమనిషి భూమవ్వ. రాజేశ్వర్‌రావు స్నేహితుడి చెల్లెలినంటూ బొంబాయి నుంచి దిగిన లీలాబాయి, నల్లకళ్లద్దాలతో సినిమా తారలా ఉంటుంది. కొత్తగా అద్దెకార్లు నడుపుతున్న కొండల్, దుబాయ్ నుంచి వచ్చి ఏడాది కాలేదు.

వాకిట్లో కూర్చుని జానకీబాయికి గాజులు తొడుగుతున్న ఆరో మనిషి ఆ ఇంటిది కాదు. గాజులామె వేషంలో వచ్చిన సీక్రెట్ ఏజెంట్ సరళాదేవి.

చీఫ్ చెప్పిన మాటలు ఆమె చెవుల్లో ఇంకా ఉన్నాయి. “విదేశీ ముఠా గురి శాస్త్రవేత్త మీద. కొండల్‌కు నిన్న పార్సిల్‌లో వచ్చిన సబ్ వూఫర్ స్పీకర్ పెట్టెలో పేలుడు పదార్థం ఉంది. ఆంప్లిఫైయర్ గెయిన్ పావుకు మించి ఉంటే, మొదటి బేస్ దెబ్బకే పేలుతుంది. గెయిన్ వాల్యూమ్ కాదు సరళా, టేప్ డెక్కు నుంచి వచ్చే సిగ్నల్‌కు ఆంప్లిఫైయర్‌ను సరిపెట్టే మీట. కానీ మనవాళ్లు దాన్ని చివరిదాకా తిప్పుతారు. ముఠా నమ్మకం అదే. వాళ్ల మనిషి ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఎవరో తెలియదు. ఆ మనిషి తప్పించుకోకూడదు.”

కొండల్ కారు డిక్కీ తెరిచి అందరినీ పిలిచాడు. వూఫర్ పక్కనున్న ఆంప్లిఫైయర్ మీద గెయిన్, బేస్ బూస్ట్, రెండు మీటలూ చివరికి తిరిగి ఉన్నాయి. సన్నని శబ్దాలను ఆపే లో-పాస్ మీట ఒక్కటే మధ్యలో ఉంది. అన్నీ అంత తిప్పితే చెడిపోదా అని సరళాదేవి ఏమీ తెలియనట్టు అడిగింది.

“దుబాయ్ మాల్ గిది. సగం తిప్పనీకి తెప్పించిన్నా?” అన్నాడు కొండల్. ఇంకా మోగించి చూడలేదట. ముందు దొరే వినాలట. భూమవ్వ తలూపింది. లీలాబాయి నవ్వి, ఫుల్ పెడితేనే మజా అంది. అందరిదీ ఒకే మాట. ఎవరిని అనుమానించాలి?

కొండల్ డిక్కీకి తాళం వేశాడు. రాజేశ్వర్‌రావు కారెక్కాడు. లీలాబాయి కూడా సంచీ తీసుకుని, తను బస్సులో పోతానని చెప్పింది. కారు ఖాళీగా పోతుంటే బస్సెందుకు? సరళాదేవి చేతిలో గాజు ఆగిపోయింది.

“దొరసానీ, ఇంటికొచ్చిన ఆడిబిడ్డను ఒంటిగ బస్సెక్కిస్తరా? ఊరేమంటది?” అంది జానకీబాయితో.

ఆ మాట జానకీబాయికి సూదిలా గుచ్చుకుంది. కుంకుమ భరిణె వచ్చింది. జాకెట్ గుడ్డ వచ్చింది. లీలాబాయి నుదుట బొట్టు పెట్టి, చెయ్యి పట్టుకుని, వద్దంటున్నా వినకుండా ఆమెను వెనక సీట్లోకి తోసింది పెద్దావిడ. ఆ ఇంట్లో బొట్టు పెట్టాక కాదనే చుట్టం లేదు. ముఠాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

కొండల్ ఇంజన్ స్టార్ట్ చేసి క్యాసెట్ తోశాడు. ముందు సన్నగా సన్నాయి. తర్వాత డప్పు పడుతుంది, అదే మొదటి బేస్ దెబ్బ. గాజుల బేరం మిగిలినట్టు సరళాదేవి కిటికీలోంచి వంగింది. ఆమె వేళ్లు తాళంచెవి మీద ఉన్నాయి. లీలాబాయి మొహంలో నెత్తురు లేదు.

“ఆపు కొండల్,” అంది లీలాబాయి. “డప్పు పడకముందే ఆపు. డిక్కీ తీసి గెయిన్ తగ్గించు.”

“ఎంతకు తగ్గియ్యాలె?” అడిగింది సరళాదేవి.

“పావుకు.”

సరళాదేవి తాళంచెవి తిప్పేసింది. సన్నాయి సగంలో తెగింది.

“ఆ లెక్క ముఠాకూ మాకూ తప్ప ఎవరికీ తెలియదు,” అంది సరళాదేవి మెల్లగా. గాజుల పెట్టె అడుగునుంచి బేడీలు తీసి లీలాబాయి చేతులకు తగిలించింది. “నీ కొలతే.”

మూలమీద కాపు కాసిన సరళాదేవి మనుషుల జీపు వచ్చి లీలాబాయిని ఎక్కించుకుపోయింది. బాంబు నిపుణులు కారును చెరువు వైపు జాగ్రత్తగా తోసుకుపోయారు. రాజేశ్వర్‌రావు సరళాదేవికి నమస్కారం పెట్టాడు. జానకీబాయి మాత్రం గడపలో నిలబడి సరళాదేవిని కిందికీ మీదికీ చూసింది.

“నేను బొట్టు పెట్టిన పిల్లకు బేడీలేసినవ్. దేశం సంగతి నీకెరుక. నా గడప మళ్ల తొక్కకు.”

ఏ ఆంప్లిఫైయరూ అక్కరలేకుండా, వీధంతా వినపడేలా, సరళాదేవి మొహం మీద తలుపేసింది.