లాట్ పోయింది, అనుమానం పోలేదు

బగ్ సరిచెయ్యడానికి వచ్చిన మనిషి బగ్ గురించి అడగాలి గానీ, నా గురించి అడగడమేమిటి? భవ్య మా ఆఫీసులో అడుగుపెట్టిన గంటకే నాకు అనుమానం మొదలైంది.

"త్రినాథ్ గారూ, ఈ కోడ్ రాసింది మీరేనా?"

"నేనేనండీ."

"మీకు కోపం ఎక్కువా?"

"కోడ్‌కీ కోపానికీ ఏంటండీ సంబంధం?"

"ఊరికే అడిగాలెండి," అంటూ స్క్రీన్ వైపు తిరిగింది. నవ్వు ఆపుకుంటోందని చెంపలే చెబుతున్నాయి.

మాది గుంటూరు శివార్లలో మిర్చి కోల్డ్ స్టోరేజీ. రైతు తన మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తీసుకెళ్లాక ఆ సరుకు లాట్‌ని కంప్యూటర్లోంచి తీసెయ్యాలి. తీసెయ్యబోతే నా జావా ప్రోగ్రాం 'డిటాచ్డ్ ఎంటిటీ' అని, ఆ లాట్‌తో లింకు తెగిపోయిందంటూ మొండికేస్తోంది. లేని మిర్చి ఉన్నట్టే కనపడుతోంది. ఓనరు యలమందయ్య గారికి ఒళ్లు మండి, టౌన్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఈ అమ్మాయిని పిలిపించారు. బగ్‌తో పాటు నన్నూ పీకేస్తారని నా భయం.

మధ్యాహ్నం గేటు దగ్గరుండే బాజీ వచ్చి చెవిలో ఊదాడు.

"ఒరేయ్, నువ్వు తాగుతావా, ఎవరితో తిరుగుతావు అని ఆ మేడం నన్నడిగిందిరా. నీ మీద ఎంక్వైరీ నడుస్తోంది!"

సందేహం లేదు, నా ఉద్యోగానికి ఎసరు పెడుతోంది.

సాయంత్రం వాన అందుకుంది. ఆటోలు లేక ఆమె ఆగిపోయింది. నేను ఉండబట్టలేకపోయాను.

"తప్పు దొరికిందా?"

"దొరికింది. లాట్‌ని ఒక ట్రాన్సాక్షన్‌లో తెచ్చి, అది మూసేశాక ఇంకోదాంట్లో రిమూవ్ అంటున్నారు. గేటు దాటిన టిక్కీ సంగతి లోపలివాళ్లకేం తెలుస్తుందండీ? రెండో ట్రాన్సాక్షన్‌లో మళ్లీ ఫైండ్ చేసి, అప్పుడు తీసెయ్యండి."

రెండు లైన్లు మార్చి మళ్లీ డిలీట్ నొక్కాను. లాట్ పోయింది.

"ఇక నన్ను కూడా తీసేయిస్తారా? బాజీని నా గురించి ఎందుకడిగారు?"

ఆమె మొహం కందిపోయింది. "మాది ప్రత్తిపాడు. మీ అమ్మగారూ మా పిన్నీ మన సంబంధం మాట్లాడుకుంటున్నారు. మీకు చెప్పలేదా?"

"లేదే!"

"వాకబుకి బాబాయిని పంపుతానన్నారు నాన్న. బాబాయి ఎవరినీ ఏమీ అడగడు, టీ తాగి 'కుర్రాడు బంగారం' అనేసి వస్తాడు. ఇంతలో ఈ పని తగిలింది. నా పెళ్లి కదా, నేనే కనుక్కుందామనుకున్నా."

కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. "ఏం తేలింది?"

"అనుమానం మనిషని తేలింది."

పొద్దుట్నుంచీ ఉద్యోగం కోసం వణికాను. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది, ఈ అమ్మాయి ఎక్కడ దొరుకుతుంది?

"మీ నాన్నగారికి ఏం చెబుతారు?"

"దొంగచాటుగా వాకబు చేసిన పిల్ల మీకు నచ్చిందో లేదో తెలీకుండా ఏం చెప్పను?"

"నచ్చిందండీ," అనేశాను సిగ్గు విడిచి. "చాలా నచ్చింది."

ఆమె నా ఎదుటే ఫోన్ తీసి వాళ్ల నాన్నకి చేసింది.

"నాన్నా, కుర్రాడికి అనుమానం ఎక్కువ."

ఆమె నా మొహం చూసి నవ్వు ఆపుకుంది.

"నాతో ఉంటే తగ్గుతుందిలే. ఆదివారం పెళ్లిచూపులకి రమ్మనండి."