దేవసహాయం మాస్టారి లాటిన్

2097 నాటికి చంద్రుడి మీది కాలేజీలో తరగతి గదులు ఖాళీ. డాక్టరు కావాలనుకున్నవాడు రిటైరైన డాక్టరు పక్కన కూర్చుని తలకు శిరస్త్రాణం తగిలించుకుంటే చాలు, భోజనం వేళకు చదువు పూర్తి.

దాని పేరు విద్యామార్పిడి యంత్రం. మన చదువంతా మెదడులోని సినాప్సులలో, అంటే నాడీముడులలో ఉంటుంది. యంత్రం ఒక తలలోని ముడులు విప్పుతూ, రెండో తలలో అలాగే వేస్తుంది. చిక్కల్లా ఒక్కటే. ఇచ్చినవాడి దగ్గర ఆ చదువు మిగలదు.

లాటిన్ వచ్చిన మనిషి అక్కడ దేవసహాయం మాస్టారు ఒక్కడే. అందుకే ఆయన్ని ఖాళీ చెయ్యలేక, శిష్యురాలు హిమజ పాతకాలం పద్ధతిలో పుస్తకంతో కుస్తీ పడుతోంది. మర్నాడు మౌఖిక పరీక్ష. తప్పితే గనుల శాఖకు పంపేస్తారు. విధి గురించి ఎవరో రోమన్ తత్త్వవేత్త రాసిన వాక్యం పేజీ పొడవునా కొండచిలువలా పడుకుని ఉంది.

"మాస్టారూ, ఈ మహానుభావుడికి ఫుల్‌స్టాప్ పెట్టడం ఎవరూ నేర్పలేదా?"

"ముందు క్రియ ఎక్కడుందో వెతకవే మొద్దూ!"

"వెతికాను. మూడున్నాయి. మూడూ నా మీదికే వస్తున్నాయి."

గుంటూరు సెమినరీలో, అంటే పాదిరీల బడిలో, చదువుకున్న ఆ పెద్దాయన పడీ పడీ నవ్వాడు. అంతలోనే లేచి నిలబడ్డాడు.

"పద. నా లాటిన్ నువ్వు తీసేసుకో."

హిమజ హడలిపోయింది. "అమ్మో, వద్దు! మీకేం మిగులుతుంది?"

"గురువు మాట వింటావా, గనుల్లో రాళ్లు కొడతావా?"

గంటలో పని అయిపోయింది. కొండచిలువ లాంటి వాక్యం ఆమెకు మంచినీళ్లలా అర్థమైంది. అదే పేజీని మాస్టారు తెల్లమొహం వేసుకుని చూస్తుంటే ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

పరీక్ష నెగ్గింది. ఆ తర్వాత ఏ పుస్తకం తెరిచినా ఒక్క పేజీ ఎదురు తిరగలేదు. తిట్టుకోవడానికి ఏమీ లేదు, గెలవడానికీ ఏమీ లేదు. పైగా మాస్టారిని దోచుకున్నానన్న బాధ. క్షమాపణ చెప్పుకుందామని ఆయన గదికి వెళ్లింది.

లోపలినుంచి పెద్ద కేక! కంగారుగా తలుపు తోసింది. మాస్టారు పిల్లల లాటిన్ వాచకం పట్టుకుని గంతులేస్తున్నాడు. చంద్రుడి మీద గంతు కదా, తల కప్పుకు కొట్టుకుంటోంది.

"చిక్కిందే! మొదటి వాక్యం నా అంతట నేనే విప్పాను!"

"మీరు... బాధపడట్లేదా?"

"బాధా? అంతా తెలిసిపోయి నాలిక చచ్చిపోయింది తల్లీ! నువ్వు జుట్టు పీక్కుంటూ చదువుతుంటే కుళ్లుకు చచ్చేవాణ్ణి. ఎవరికి అంటగట్టాలా అని చూస్తుంటే నువ్వు దొరికావు."

హిమజ గిరుక్కున వెనక్కి తిరిగి వెళ్లి, రెండు శిరస్త్రాణాలతో పరుగెత్తుకొచ్చింది.

"మీ లాటిన్ మీరే తీసుకోండి మాస్టారూ!"

ఆయన రెండు చేతులతో తల కప్పుకుని బల్ల వెనక్కి దూకాడు.

"దగ్గరికి రాకు! నేనింకా మొదటి పాఠంలోనే ఉన్నాను!"