ధైర్యమ్మ సాక్ష్యం

సోమవారం పొద్దున్న కోడలు ఒక చేత్తో బ్రెడ్డు కాలుస్తూ, ఇంకో చేత్తో జడ బిగించుకుంటూ ఉండగా ఫోన్ మోగింది. చర్చిలో కీబోర్డు వాయించే ఆవిడ. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని సంఘమంతటికీ తెలుసు.

"వందనాలమ్మా! మీ ఇంట్లో అంత గొప్ప కార్యం జరిగితే నువ్వు ఆదివారం కూడా పనికి పోతావా?"

"ఏం కార్యమండీ?"

"అదేంటమ్మా అలా అంటావు! మీ అత్తగారి మెడలో గడ్డ కరిగిపోయిందిగా! నిన్న ఆవిడ లేచి సాక్ష్యం చెబుతుంటే ఏడవనివాళ్లు లేరు. ఆపరేషన్ కూడా అక్కర్లేదటగా?"

కోడలు ఏం జవాబిచ్చిందో ఆమెకే గుర్తులేదు. బ్రెడ్డు మాడి బొగ్గయింది.

గడ్డ ఎక్కడికీ పోలేదు. రాత్రి మందు రాసింది తనే, వేలికి తగిలింది కూడా. డాక్టరు సూది పెట్టి పరీక్ష చేసి, "ఇప్పుడు తీసేస్తే బాగుపడతారు, ఆలస్యం చేస్తే నేను మాటివ్వలేను" అని మొహమ్మీదే చెప్పాడు. ఈ గురువారం ఆపరేషన్. అంతకుముందు ఒకసారి జలుబని వాయిదా వేయించింది అత్తగారు. ఇంకోసారి ఉపవాస ప్రార్థనలంది. ప్రతిసారీ కళ్లజోళ్ల షాపులో యజమాని కాళ్లావేళ్లా పడి సెలవు తెచ్చుకునేది కోడలే, మళ్లీ సెలవు వద్దని చెప్పి తలదించుకునేదీ కోడలే.

బయట మాత్రం అత్తగారి పేరు ధైర్యమ్మ. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి ఉద్యోగం ఊడినా, ఎవరి మొగుడు అలిగి వెళ్లిపోయినా, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని "ధైర్యం తెచ్చుకో, ప్రభువున్నాడు" అనేది ఆవిడే. ఆ ధైర్యమ్మ రక్తపరీక్ష కుర్చీలోంచి లేచి పారిపోతుంటే లిఫ్టు దగ్గర పరుగెత్తి పట్టుకున్న సంగతి కోడలికొక్కదానికే తెలుసు. ఎవరికి చెప్పినా నమ్మరు.

హాల్లో అత్తగారు కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు చేతులు కుడుతోంది. ఉక్కపోస్తున్నా మెడకి స్కార్ఫు చుట్టుకుని ఉంది.

"అత్తయ్యా, నిన్న చర్చిలో ఏం చెప్పారు?"

మిషన్ ఆగలేదు. ఇంకా వేగంగా తిరిగింది.

"మిమ్మల్నే!"

"ఏదో చెప్పాన్లే. పొద్దున్నే మొదలెట్టకు."

"గడ్డ కరిగిపోయిందని చెప్పారా లేదా?"

కొడుకు అప్పుడే సంచీలో పనిముట్లు సర్దుకుంటున్నాడు. ఊళ్లో ఎవరి ఫ్రిజ్ చల్లబడకపోయినా వెళ్లి బాగుచేస్తాడు గానీ, ఇంట్లో వేడి పుడితే మాత్రం ముందు చెప్పుల కోసం వెతుకుతాడు.

"ఏమండీ, విన్నారా మీ అమ్మగారి నిర్వాకం?"

"అంటే... అమ్మ ఏ ఉద్దేశంతో అందో..." అని నీళ్లు నమిలాడు.

"ఏ ఉద్దేశంతో అంటారండీ! గురువారం తప్పించుకునే ఉద్దేశంతో! రేపు హాస్పిటల్లో ఎవరైనా చర్చివాళ్లు కనబడితే అబద్ధమాడిందని అంటారు. కాబట్టి వెళ్లకూడదు. అదే కదా ప్లాను?"

"ప్లానేం కాదు!" మిషన్ ఆగిపోయింది. "ప్రార్థన చెయ్యమని అడుగుదామనే లేచాను. గురువారం ఆపరేషన్, నాకోసం ప్రార్థించండి అందామనే లేచాను. అందరూ నావైపు చూశారు. కాళ్లు వణికాయి. ఎవరో 'చెప్పు ధైర్యమ్మా' అన్నారు. నోట్లోంచి అదే వచ్చింది."

"వస్తే వెంటనే కాదనొచ్చుగా?"

"అప్పటికే చప్పట్లు కొడుతున్నారే."

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అరికాలి మంట మాత్రం నెత్తికెక్కింది.

"సరే. గురువారం వస్తున్నారా, లేదా?"

"నాకు ప్రార్థన చాలు. విశ్వాసముంటే..."

"అది విశ్వాసం కాదు అత్తయ్యా, భయం! భయానికి తెల్లచీర కట్టి చర్చికి తీసుకెళ్తున్నారు, అంతే!"

అనేశాక కోడలికే చివుక్కుమంది. అత్తగారు మొహం తిప్పుకుంది. కొడుకు "నాకు ఆలస్యమవుతోంది" అని గొణిగి, ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగిపోయాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి ఒక్క పోట్లాట చివరిదాకా చూసిన పాపాన పోలేదు.

కోడలు కూడా వెళ్లిపోదామనుకుంది. బ్యాగు తగిలించుకుంది, తలుపు తీసింది. గుమ్మంలో బేకరీ ఆవిడ నిలబడి ఉంది.

బేకరీలో రొట్టెలు ప్యాక్ చేసే మనిషి ఆమె. చర్చిలో వెనక వరసలో కూర్చుంటుంది, అడిగితే తప్ప మాట్లాడదు. ఈరోజు మాత్రం కళ్లు మెరుస్తున్నాయి.

"డ్యూటీకి పోతూ వచ్చాను వదినా. అమ్మగారున్నారా? ఒక్క నిమిషం."

లోపలికొచ్చి, కుర్చీ వెయ్యబోతే వద్దని, మిషన్ పక్కన నేలమీదే కూర్చుంది.

"అమ్మగారూ, ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను. నాకు రొమ్ములో గడ్డ ఉంది. వచ్చే మంగళవారం ముక్క తీసి పరీక్ష చేస్తామన్నారు. నెలరోజులుగా నిద్రలేదు. నిన్న మీ సాక్ష్యం విన్నాక గుండెమీంచి బండ దింపినట్టయింది. పొద్దున్నే ఫోన్ చేసి రానని చెప్పేశాను."

"ఎవరికి?" అంది ధైర్యమ్మ.

"హాస్పిటల్‌కి. మీకు చేసిన దేవుడు నాకు చెయ్యడా? మీరు తలమీద చెయ్యిపెట్టి ఒక్కసారి ప్రార్థన చెయ్యండి చాలు." అని తల వంచింది.

కోడలు నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. కానీ అత్తగారి మొహం చూసి ఆగిపోయింది. పెద్దావిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ధైర్యమ్మ చెయ్యెత్తి ఆమె తలమీద పెట్టింది. "ప్రేమగల తండ్రీ" అంది. తర్వాత మాట రాలేదు. గంటలకొద్దీ ధారగా ప్రార్థన చేసే మనిషికి ఆ రోజు రెండో మాట పెగల్లేదు. మళ్లీ "తండ్రీ" అంది. బేకరీ ఆవిడ కళ్లు మూసుకుని ఓపిగ్గా ఎదురుచూస్తోంది.

ధైర్యమ్మ చెయ్యి తీసేసింది. మెడచుట్టూ ఉన్న స్కార్ఫు ముడి విప్పింది. బేకరీ ఆవిడ చెయ్యి పట్టుకుని తన మెడమీద పెట్టుకుంది.

"చూడు. ఉంది."

బేకరీ ఆవిడ కళ్లు తెరిచింది. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కరగలేదు. నేను అబద్ధం చెప్పాను. ఆపరేషనంటే భయమేసి దేవుడి పేరుమీద అబద్ధం చెప్పాను. నువ్వు మాత్రం ఇప్పుడే ఫోన్ చేసి వస్తున్నానని చెప్పమ్మా. నీ కాళ్లు పట్టుకుంటాను."

బేకరీ ఆవిడ లేచింది. మెత్తని మనిషి కోపం చూడ్డం కష్టం.

"నాకు ఇద్దరు పిల్లలున్నారమ్మగారూ. మీ మాట నమ్మి ఇంట్లో కూర్చునేదాన్ని."

"తెలుసు."

"మీ మాటంటే దేవుడి వాక్యం లాగ నమ్ముతాం మేమంతా."

"తెలుసమ్మా. అందుకే చెబుతున్నాను."

ఆమె గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయి, తలుపు పట్టుకుని ఏడ్చింది. "నిజం చెప్పాలంటే నాకూ మీలాగే భయంగా ఉంది. పోకుండా ఉండడానికి ఏదో ఒక సాకు కావాలి. అందుకే మీ మాట అంత తొందరగా నమ్మాను." అక్కడే నిలబడి ఫోన్ తీసి హాస్పిటల్‌కి చేసింది. అవతలివాళ్లు ఏదో విసుక్కున్నారు, "అవునండీ, మళ్లీ వస్తానంటున్నాను, రాసుకోండి" అంది గట్టిగా. వాయిదాలకోసం తనూ ఫోన్లు చేసిన కోడలికి ఆ విసుగు ఎక్కడిదో బాగా తెలుసు.

ఆమె వెళ్లాక ధైర్యమ్మ నేలమీద కూలబడింది. కోడలు బ్యాగు తీసి పక్కన పడేసి తనూ కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి అత్తయ్యా. దేనికి ఇంత భయం? నొప్పికా?"

"నొప్పి ఎవడిక్కావాలి. ముగ్గుర్ని కన్నాను, ఒకణ్ణే దక్కించుకున్నాను. నొప్పి నన్నేం చేస్తుంది?"

"మరి చచ్చిపోతాననా?"

"అదీ కాదు." స్కార్ఫుని వేళ్లకి చుట్టుకుంటూ విప్పుతూ చాలాసేపు కూర్చుంది. "మత్తిస్తారు కదే. మత్తిచ్చాక నేను ప్రార్థన చెయ్యలేను. మీ మామయ్య పోయిన రాత్రి, పిల్లలు పోయినప్పుడు, ఎప్పుడైనా సరే, నేను ప్రార్థన ఆపలేదు. ఆపితే పడిపోతానని భయం. అక్కడ నా నోరు మూసేసి, తెలివి తీసేసి, బల్లమీద పడుకోబెడతారు. అప్పుడు నన్నెవరు పట్టుకుంటారు?"

కోడలు ఇన్నాళ్లూ మొండితనమనుకుంది, నాటకమనుకుంది. ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి మాట పెడసరంగా బయటికొచ్చింది.

"సండే స్కూల్లో పిల్లలకి ఇన్నేళ్లుగా ఒకే కథ చెబుతున్నారే, సముద్రం మీద నడుస్తూ మునిగిపోబోయిన శిష్యుడి కథ! అందులో ఎవరు ఎవర్ని పట్టుకున్నారు?"

"ప్రభువే చెయ్యి చాపి పట్టుకున్నాడు."

"ఆ శిష్యుడు ఆయన్ని గట్టిగా పట్టుకుని ఉండబట్టి మునగలేదా?"

"కాదే. వాడికి పట్టుకునే ఓపికెక్కడిది?"

"మరి మీకు మాత్రం మీరే పట్టుకోవాలా? నిద్రపోతే జారవిడిచేవాడైతే ఆయన్ని ఇన్నేళ్లు ఎందుకు నమ్ముకున్నారు అత్తయ్యా? పోనీ ఎవరో ఒకరు ప్రార్థన చేస్తూ ఉండాలంటారు, మేం లేమా? ఊరందరికోసం మీరు చేస్తారు. మీకోసం ఒక్కసారైనా ఎవర్నైనా చెయ్యనిచ్చారా?"

"ఎవరు చేస్తారు? వాడికి చేతకాదు. నీకా, నలుగురిలో ప్రార్థన చెయ్యమంటేనే వంటింట్లోకి పారిపోతావు."

"నేను చేస్తాను." అనేసింది కోడలు. అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

బుధవారం ప్రార్థన కూటంలో పాటలయ్యాక ధైర్యమ్మ లేచింది. మెడకి స్కార్ఫు లేదు. కాళ్లు ఆదివారం వణికినట్టే వణికాయి. ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"ఆదివారం నేను చెప్పింది అబద్ధం. గడ్డ ఉంది. రేపు ఆపరేషన్. మీ అందరికీ ధైర్యం చెప్పే నాకు చచ్చేంత భయంగా ఉంది. నా మాట విని మందులు మానేసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి మళ్లీ వేసుకోండి. నన్ను క్షమించండి. నాకోసం ప్రార్థన చెయ్యండి."

కీబోర్డు ఆవిడ మొట్టమొదటిసారి నోరు తెరిచి మాట రాక అలాగే ఉండిపోయింది. వెనక వరసలో ఎవరో ఛీ అన్నారు కూడా, ధైర్యమ్మకి అది వినిపించింది. అయినా కూర్చోలేదు. పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "అమ్మా, ఈ సంఘంలో నేను విన్న సాక్ష్యాల్లో ఇదే అన్నిటికన్నా నిజమైంది" అన్నారు. ముందుగా లేచివచ్చి ఆవిడ భుజం మీద చెయ్యివేసింది బేకరీ ఆవిడ. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. అందరూ రాలేదు.

గురువారం పొద్దున్న హాస్పిటల్ వరండాలో, ఆకుపచ్చ గౌనులో ధైర్యమ్మ చక్రాల మంచం మీద పడుకుని ఉంది. కొడుకు ఈసారి ఎక్కడికీ పారిపోలేదు. తల్లి చెప్పులు రెండూ గుండెలకి హత్తుకుని, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. నర్సు వచ్చి "తీసుకెళ్తామండీ" అంది.

ధైర్యమ్మ కోడలి మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"చేస్తానన్నావు."

వరండా నిండా జనం. కోడలి చెవులు వేడెక్కాయి. కళ్లు మూసుకుంది.

"ప్రభువా, నాకు అందంగా ప్రార్థన చెయ్యడం రాదు. ఉన్నమాట చెబుతున్నాను, ఈవిడతో వేగలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. పారిపోయింది, వాయిదాలు వేయించింది, నీ పేరు మీద అబద్ధం కూడా చెప్పింది. ఒప్పుకుంది కూడా, అది నువ్వు విన్నావు. ఇప్పుడు లోపలికెళ్తే ఈవిడ నోరు పనిచెయ్యదు. నిన్ను పిలవడం ఈవిడ వల్ల కాదు. పిలవకపోయినా నువ్వుండాలి. వదిలేశావంటే నేనూరుకోను." రెండో చేత్తో మంచం కమ్మీ పట్టుకుంది. "నాకూ భయంగా ఉంది ప్రభువా. మా అమ్మ పోయాక నన్ను తిట్టేవాళ్లు ఈవిడొక్కతే మిగిలింది. నాకు ఈవిడ కావాలి. గట్టిగా పట్టుకో."

కళ్లు తెరిస్తే నర్సు కూడా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఆమేన్ అనండి అత్తయ్యా."

ధైర్యమ్మ అనలేదు. కోడలి మణికట్టు వదిలేసి, రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుంది.

"అప్పుడే ఆమేనేమిటే? నేను బయటికొచ్చేదాకా చేస్తూ ఉండు. నేను కాసేపు పడుకుంటాను."

అని కళ్లు మూసుకుంది. మంచం కదిలింది, తలుపులు తెరుచుకుని మళ్లీ మూసుకున్నాయి. కోడలు అక్కడే గోడకి ఆనుకుని, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా, మళ్లీ "ప్రభువా" అని గట్టిగా మొదలుపెట్టింది.