రెండో ఫ్యాను

నవంబరు నెల. నాలుగింటికే, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఫ్యోర్డ్ నీళ్ల మీద చీకటి దిగింది. మెకానిక్ ఆస్ముండ్ షెడ్డులో హీటరు వెలిగించి, ఐలిఫ్ కారు బానెట్ ఎత్తాడు.

మధ్యాహ్నం ఆ కారు తెచ్చింది ఐలిఫ్ భార్య బోర్గిల్డ్. "రేడియేటర్ ముందున్న ఆ రెండో ఫ్యాను తనంతట తనే తిరుగుతోందయ్యా. తాళంచెవి నా జేబులో ఉన్నా సరే," అని చెప్పి బస్సెక్కి ఇంటికెళ్లిపోయింది. ఆస్ముండ్ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

సెప్టెంబరులో ఐలిఫ్ ఇదే కారు తెచ్చాడు. కొండ ఎక్కేటప్పుడు ఇంజిన్ కాగిపోతోందనీ, దాన్ని చల్లబరిచే ఆ రెండో ఫ్యాను తిరగడం లేదేమో చూడమనీ అడిగాడు. ఆ రోజు టీవీలో ఫుట్‌బాల్. ఆస్ముండ్ బానెట్ ఎత్తనే లేదు.

"చూశావా అబ్బాయ్?" అన్నాడు ఐలిఫ్ సాయంత్రం వచ్చి.

"చూశాను. ఫ్యాను భేషుగ్గా ఉంది. కాగుతున్నది నీ బుర్రే, పెద్దాయనా!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

మూడో రోజు గొర్రెల ట్రాలీ తగిలించుకుని కొండెక్కుతుంటే ఇంజిన్ మరిగి కారు ఆగిపోయింది. నీళ్ల కోసం పొగమంచులో వాగులోకి దిగిన ఐలిఫ్ కాలు జారి, తిరిగి పైకి రాలేదు. ఆస్ముండ్ అతని శవపేటికకు భుజం ఇచ్చాడు. నోరు మాత్రం విప్పలేదు.

ఇప్పుడు ఫ్యూజు చూశాడు. బాగానే ఉంది. ఫ్యాను ప్లగ్గు ఊడదీసి, బ్యాటరీ నుంచి రెండు వైర్లు నేరుగా మోటారుకి తగిలించాడు. కదల్లేదు. వేలితో రెక్కని నెట్టాడు. తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. ఎన్ని నెలల కిందట చచ్చిన మోటారో! ఆ రోజు ఐదు నిమిషాలు చూసుంటే తెలిసిపోయేది. షెడ్డులో ఎవరూ లేకపోయినా, సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

వైర్లు తీసేసి, స్పానరు కోసం వెనక్కి తిరిగాడు.

గిర్ర్‌ర్...

రెక్కలు తిరుగుతున్నాయి. నెమ్మదిగా... ఆపైన జోరుగా. ప్లగ్గు గాల్లో వేలాడుతూనే ఉంది. చల్లగా ఉన్న ఇంజిన్‌లోంచి రేడియేటర్‌లో పోసే కూలెంటు మరిగిన తియ్యటి వాసన... దానితోపాటు వాగు నీళ్లలో తడిసిన ఉన్ని స్వెట్టరు వాసన.

"చూశావా అబ్బాయ్?"

చెవి పక్కనే. గుసగుసగా.

ఆస్ముండ్ బానెట్ అంచు పట్టుకున్నాడు. "చూడలేదు... బానెట్ కూడా ఎత్తలేదు ఐలిఫ్... అబద్ధం చెప్పాను."

ఫ్యాను ఆగిపోయింది.

బోర్గిల్డ్‌కి ఫోన్ చేసి, ఒక్క గుక్కలో అంతా చెప్పేశాడు. ఆమె తిడితే బాగుండుననుకున్నాడు.

"ఎవరు మాట్లాడేది?" అంది ఆమె, బాగా గొంతు తగ్గించి.

"నేనే... ఆస్ముండ్‌ని."

"ఆస్ముండ్ ఇక్కడున్నాడు... మా వంటింట్లో. వచ్చి అరగంటయింది. ఈ మాటే చెప్పి... నీళ్లోడే బట్టలతో తల దించుకుని కూర్చున్నాడు. ఎంత పిలిచినా మొహం ఎత్తడం లేదు."

ఆమె వెనకాల కుర్చీ జరిగిన చప్పుడైంది.