బెనిగ్నా ఇంట్లో పోయిన కప్పులు

మా లోయ మొత్తంలో నా ముక్కును మించిన ముక్కు లేదు. పడమటి గాలి వీస్తే చాలు, నది అవతల ఏ ఇంట్లో రొట్టె మాడిందో, ఆ మాడిన రొట్టె కొడుక్కి పెట్టారో అల్లుడికి పెట్టారో కూడా చెప్పేస్తాను. ఇనుప చువ్వలతో నేలంతా వెతికే ఆడవాళ్ళు నన్నూ నా పాత బండినీ వెంట తిప్పుకునేది ఆ ముక్కు కోసమే. సిప్రియానో పొలంలో దాగినదాన్ని బయటపెట్టింది కూడా ఈ ముక్కే. ప్రస్తుతానికి అలాగే అనుకోండి.

అది అక్టోబరు చివరి వారం. వానలు వెనకబట్టి, మా సినలోవా రాష్ట్రంలో శనగ విత్తడానికి చేలు దున్నుకునే రోజులు. సిప్రియానో ఇంట్లో కాఫీ కాగుతోంది. అతని భార్య బెనిగ్నా పెనం మీద మొక్కజొన్న రొట్టె తిప్పుతూ, కప్పులు తగిలించే మేకులవైపు చూసి గొంతు పెంచింది.

"మళ్ళీ ఒకటి లేదు! నీలం పువ్వుల కప్పు. నిన్న పొద్దున ఇక్కడే వేలాడుతోంది. ఏటా ఆత్మల పండగ దగ్గరికొచ్చేసరికి ఈ ఇంట్లో ఓ కప్పు మాయమవుతుంది. అదేం రోగమో!"

"నావైపు చూడకమ్మా" అంది కూతురు నెరేయిదా, జడ అల్లుకుంటూ. "రొట్టెల మిల్లులో మాకు గాజు గ్లాసుల్లో ఇస్తారు కాఫీ. సొట్టలు పడ్డ నీ ఎనామిల్ కప్పులు నాకెందుకు?"

"అయితే మేకలు తాగుతున్నాయా కాఫీ?"

"పిల్లి ఎత్తుకెళ్ళి ఉంటుంది" అన్నాడు సిప్రియానో, తలెత్తకుండా.

"పిల్లి మేకు మీంచి కప్పు తీసుకెళ్ళిందా? భలే పిల్లి. దొరికితే చెప్పు, అంట్లు కూడా తోమిస్తాను."

నెరేయిదా పకపకా నవ్వింది. సిప్రియానో నవ్వలేదు. అప్పుడే కుక్క మొరిగింది. గేటు ముందు నా బండి ఆగింది. వెనక కూర్చున్న ఆడవాళ్ళు పారలతో, చువ్వలతో ఒక్కొక్కరే దిగారు.

అందరికంటే ముందు నడిచింది ఒటీలియా. నెరేయిదాకు జ్ఞానస్నానం చేయించిన తల్లి ఆమే. రెండిళ్ళూ ఆనాటి నుంచీ ఒక్కటిగా ఉన్నాయి. ఆరేళ్ళ క్రితం ఆమె కొడుకు రుబేన్ బండి టైరు బాగుచేయించుకొస్తానని వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఆమె చొక్కా మీద వాడి ఫోటో అచ్చువేయించుకుని, తనలాంటి తల్లులతో కొండలూ చేలూ వెతుకుతోంది. ఎవరు చంపారని వాళ్ళు అడగరు. పిల్లల్ని ఇంటికి తెచ్చుకోనివ్వమంటారు, అంతే. దొరికిన ఎముకను నిధి అంటారు. సొంతదారు ఒప్పుకోనిదే ఎవరి పొలంలోనూ అడుగుపెట్టరు.

"బాగున్నావా అన్నయ్యా?" అంది ఒటీలియా గేటు ఊచలు పట్టుకుని. "మాకు ఫోనొచ్చింది. పేరు చెప్పలేదు. నీ పొలం చివర, ఎండిన వాగు పక్కన చూడమన్నారు. ఒక్క పూట చాలు. తవ్విన గుంటలన్నీ పూడ్చే వెళ్తాం."

సిప్రియానో టోపీ అంచు కళ్ళమీదికి లాక్కున్నాడు. "అక్కడేం లేదు చెల్లెమ్మా. రాళ్ళు, ముళ్ళు. రేపు ట్రాక్టరొస్తోంది. కుదరదు."

"ట్రాక్టరు రేపు కదా. మేం ఇవాళొచ్చాం."

"కుదరదన్నాను కదా!"

ఒటీలియా గొంతు పెంచలేదు. "సరే అన్నయ్యా. ఇక్కడే నీడలో కూర్చుంటాం. మనసు మారితే పిలువు."

నీడ అన్నది మర్యాద కోసం అన్న మాట. ఆ గేటు దగ్గర నా బండి నీడ తప్ప ఇంకేం లేదు. అది కూడా నా పొట్టకే సరిపోయింది.

సిప్రియానో లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. నెరేయిదా సగం అల్లిన జడ అలాగే వదిలేసి ఎదురుగా నిలబడింది.

"నాకు జ్ఞానస్నానం చేయించిన తల్లి వీధిలో ఎండలో కూర్చుంది నాన్నా. నువ్వు కాఫీ తాగుతున్నావు."

"నీకు తెలీదు. ఊరుకో."

"ఏం తెలీదో చెప్పు, తెలుసుకుంటాను."

"తవ్వనిచ్చిన ఇళ్ళకి ఆ తర్వాత ఎవరొస్తారో తెలుసా? నువ్వు తెల్లారకముందే ఒక్కదానివే ఆ దారిన మిల్లుకెళ్తావు. నేను నీ గురించే కదా..."

"నా పేరెత్తకు!" అంది నెరేయిదా. "ఈ ఊళ్ళో ప్రతి మగాడూ కూతురి వెనకే దాక్కుంటున్నాడు. ఒటీలియా అత్తకి దాక్కోడానికి ఎవరున్నారు?"

సిప్రియానో బల్ల మీద చరిచాడు. కాఫీ ఒలికింది. దాన్ని గుడ్డతో తుడుస్తూ, బెనిగ్నా చాలా మామూలుగా అడిగింది.

"ఆ పొలం ఎవరిదయ్యా?"

"మనదే."

"మా నాన్నది. నాకిచ్చాడు. దున్నింది నువ్వే, నీళ్ళు పెట్టింది నువ్వే, కాదనను. పెళ్ళయిన నాటి నుంచి ఒక్కసారి కూడా నాది అనలేదు. ఇవాళ అంటున్నాను." ఏప్రాను జేబులోంచి గేటు తాళంచెవి తీసింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "రుబేన్ కోసం ఒటీలియా ఇంట్లో జపమాల చెప్పినప్పుడల్లా నువ్వు నేలచూపులు చూసేవాడివి. ఏడుపు ఆపుకుంటున్నావనుకున్నాను."

ఆమె వెళ్ళి గేటు తీసింది. నెరేయిదా వెంటే నడిచింది.

వాళ్ళు వెతికే తీరు మీరు చూడాలి. చువ్వను సుత్తితో నేలలోకి దింపుతారు. పైకి లాగి, మొన దగ్గర వాసన చూస్తారు. శవం ఉన్న నేల ఏళ్ళు గడిచినా చెబుతుందంటారు. నేనూ ఓ చువ్వ అందుకుని, గట్టు పక్కన దింపి, లాగి, కళ్ళు మూసుకుని పీల్చాను. "ఇక్కడే! తవ్వండి!" అని కేకేశాను. పాపం, నలుగురు చెమటలు కక్కుతూ తవ్వారు. సిప్రియానో ముసలి కంచరగాడిద బయటపడింది, నాలుగు గిట్టలతో సహా.

"తాచో మామా, నీ ముక్కు కళ్ళజోడు నిలబెట్టుకోడానికి పెట్టుకో" అంది ఒటీలియా. అందరూ నవ్వారు. నిజం చెప్పాలంటే, కుర్రతనంలో తగిలిన జలుబు నన్నింకా వదల్లేదు. ఉల్లిపాయకీ గులాబీకీ తేడా నాకు చూస్తేనే తెలుస్తుంది. ఆడవాళ్ళు నన్ను తిప్పుకునేది బండి కోసమే.

నవ్వుతూ నవ్వుతూనే ఒటీలియా ఆగిపోయింది. వాగు ఒడ్డున ఒక తుమ్మచెట్టు ఉంది. దాని కింద ఎండు ముళ్ళకంపలు ఎవరో పేర్చినట్టు పడి ఉన్నాయి. వాటి మధ్య బంతిమొక్కలు విరగబూసి ఉన్నాయి.

"ఇక్కడ బంతి ఎవరు వేశారు వదినా?"

"ఎవరూ వెయ్యలేదే! కాలవ నీళ్ళు కూడా ఎక్కని చోటిది" అంది బెనిగ్నా.

"అడవి బంతి కాదిది. పెరటి ముద్దబంతి. తనంత తాను ఇంత దూరం నడిచి రాదు." ఒటీలియా గొంతు చిన్నదైపోయింది. "ఎవరో పూలు తెచ్చి పెట్టారు. అవి ఎండి రాలి, వానకి మొలిచాయి. మళ్ళీ ఏడు మళ్ళీ తెచ్చారు."

మా వైపు ఆత్మల పండక్కి ఆ పూలూ, దాహానికి గుక్కెడు నీళ్ళూ చచ్చిపోయినవాళ్ళకే పెడతామని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆడవాళ్ళు టోపీలు తీశారు.

బెనిగ్నా మోకాళ్ళ మీద కూర్చుని మొక్కలు పక్కకి తప్పించింది. ఆ పువ్వులు తన పెరటివేనని ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. మొదలు దగ్గర ఆకుపచ్చ అంచు కప్పొకటి, తుప్పు పట్టి, మట్టిలో సగం కూరుకుపోయి ఉంది. దాని పక్కన పిడి విరిగిన తెల్లది, తుప్పుకి రంగు పోయినవి ఇంకో రెండు మూడు. ఆ పక్కన నీలం పువ్వులది. అందులో ఇంకా నీళ్ళున్నాయి. ఒక తేనెటీగ తేలుతోంది.

"నా కప్పులు" అంది.

సిప్రియానో గట్టు వెనక నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"ఏమయ్యా, పిల్లేనా?" అని అడిగింది బెనిగ్నా. ఆ గొంతులో వెటకారం లేదు. అది ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

అతను ముళ్ళు తొక్కుకుంటూ వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేనే" అన్నాడు.

ఎవరూ తిట్టలేదు. ఒటీలియా మోకాళ్ళ మీదికి వంగి, చేత్తో మట్టి తీయడం మొదలుపెట్టింది. ఆ చోట నేల మెత్తగా ఉంది. కొంచెం లోతుకు వెళ్ళాక ఒక బూటు కనిపించింది. చిన్నది, గులాబీ రంగు లేసుల గుడ్డ బూటు. పక్కన పెన్నుతో గీసుకున్న నక్షత్రం బొమ్మ ఇంకా చెరగలేదు. దాని కింద ఎముక తెల్లగా కనబడగానే అందరూ చేతులు ఆపేశారు. అక్కడి నుంచి పని ప్రభుత్వం వాళ్ళది.

ఒటీలియా ఆ బూటును చాలాసేపు చూసింది. ఆమె కొడుకుది నా పాదమంత పాదం.

"నావాడు కాదు. ఆడపిల్ల."

ఆ మాటకి సిప్రియానో నేల మీద కూలబడ్డాడు. "ఆడపిల్లా?" అన్నాడు. "కాదు చెల్లెమ్మా... ఆ తెల్లవారుజామున కాలవ నీళ్ళ వంతు నాది. ఎవరిదో బండి వాగు వైపు నుంచి వెళ్ళిపోవడం చూశాను. వచ్చి చూస్తే కొత్త మట్టి. నక్కలు తవ్వకుండా కంప కప్పాను. ఆ వారమే మన రుబేన్ కనబడలేదన్నారు. వాడేననుకున్నాను. ఆరేళ్ళు 'నాన్నా రుబేన్, నన్ను క్షమించరా' అని ఇక్కడ కూర్చుని..." చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఎవరి పిల్లో, ఆ పిల్లని తన పేరుతో కూడా పిలవలేదు నేను."

నెరేయిదా మొహం తిప్పుకుంది. బెనిగ్నా నీలం కప్పును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నీళ్ళు ఒలకనివ్వకుండా.

"నావాడే అనుకున్నావు" అంది ఒటీలియా. "అనుకుని కూడా నా ఇంట్లో కాఫీ తాగావు. ఎవరైనా ఏమైనా చూశారా అని నేనడిగినప్పుడల్లా కప్పులోకి చూశావు."

"అవును."

"ఏటా పండక్కి మా ఇంట్లో రుబేన్ ఫోటో ముందు నువ్వే కొవ్వొత్తి వెలిగించావు."

"అవును చెల్లెమ్మా."

ఆమె కొడుతుందనుకున్నాం. కొట్టినా ఎవరూ ఆపి ఉండేవాళ్ళు కాదు. ఆమె అతని ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"ఎక్కడో, ఇంకెవరి చేలోనో, నా పిల్లాడి మీద కూడా నీలాంటి పిరికివాడొకడు పూలు పెడుతూ ఉంటే బాగుండు అన్నయ్యా. గుక్కెడు నీళ్ళు పెడుతూ ఉంటే బాగుండు. వాడికి అది కూడా లేదేమోనని నా భయం."

సిప్రియానో అప్పుడు ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అలా ఏడవడం నేను చూడలేదు. మళ్ళీ చూడాలనీ లేదు. నేను నా బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాను. మా ఊరి మగాళ్ళలో ఎవరికీ తల ఎత్తే ముఖం లేదు.

ఒటీలియా లేచి, మట్టి దులుపుకుని, తన చువ్వను అతని ఒళ్ళో పడేసింది. "ఆదివారం పొద్దున్నే తాచో మామ బండెక్కు. పిరికివాళ్ళు పూలెక్కడ దాచుకుంటారో మాకంటే నీకే బాగా తెలుస్తుంది."

పండగలోపే ఆ పిల్ల తల్లి పైనున్న జిల్లా నుంచి వచ్చింది. పిల్ల పేరు అరసేలి. బెనిగ్నా ఆమెను వంటింట్లో కూర్చోబెట్టి రొట్టె పెట్టింది. సిప్రియానో మేకలకొట్టంలో దాక్కుంటే, చెయ్యి పట్టి లాక్కొచ్చి ఎదురుగా నిలబెట్టింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను వీధిలో ఉన్నాను. కూతురు మాత్రం అతనితో మాట్లాడడం మానేసింది. అడిగినదానికి ఊఁ, ఉహూఁ, అంతే.

ఆదివారం పొద్దున అతను చువ్వ పట్టుకుని వచ్చి, ఆడవాళ్ళ పక్కన కాక, బండి వెనకాల చిట్టచివర కూర్చున్నాడు. టోపీ పెట్టుకోలేదు. బండి కదిలేలోపు నెరేయిదా గేటు దాటి పరుగెత్తుకొచ్చింది. టోపీ తెచ్చి తండ్రి నెత్తిన పెట్టింది. వంకరగా ఉంటే సరిచేసింది.

"ఎండ" అంది. ఇంకేం అనలేదు.

అతను ఆ చెయ్యి పట్టుకుని, కళ్ళకద్దుకుని, వదిలిపెట్టాడు.

ఇక నేను కల్పించింది కూడా చెప్పేస్తాను, తర్వాత మీరు కనిపెట్టి నవ్వకుండా. కంచరగాడిద నిజం. కప్పులు నిజం. తేనెటీగ కూడా నిజం. బెనిగ్నా అడిగినప్పుడు సిప్రియానో "నేనే" అన్నాడని రాశానే, అది మాత్రం అబద్ధం. అతను టోపీ తీసి నిలబడ్డాడంతే. నోరు పెగల్లేదు. ఆ తర్వాత అతను ఒప్పుకున్నవన్నీ ఇక దాచుకునే చోటు లేక అన్న మాటలు. ఆ ఒక్క మాట మా ఊళ్ళో ఇంతవరకు ఏ మగవాడూ అడగ్గానే అన్నది లేదు. కథలోనైనా ఒకడు అంటే బాగుంటుందని నేనే పెట్టాను.