జామ మొద్దులు

పొద్దున్నే పెరట్లో గునపం చప్పుడు వినపడాల్సింది, మామగారి గొంతు వినపడింది. కోడలు పాలగిన్నె కింద మంట ఆర్పేసి వెనక గుమ్మంలోకి పరుగెత్తింది.

"ఇవాళొద్దయ్యా. మబ్బు పట్టింది. వానొస్తే గుంతలనిండా బురదే" అంటున్నారాయన మేస్త్రీతో.

మేస్త్రీ తలెత్తి చూశాడు. మబ్బన్నది మచ్చుకైనా లేదు. కిందటిసారి మామగారికి తలనొప్పి. అంతకుముందు, చప్పుడుకి అత్తగారి నిద్ర చెడుతుందన్న సాకు.

జామచెట్టు వేరు తగిలి పడే అత్తగారు తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనై ఇంటికొచ్చినా ఇంకా చక్రాల కుర్చీలోనే ఉన్నారు. రోజూ కాసేపు ఆరుబయట కూర్చోబెట్టమన్నాడు డాక్టరు. ఆ గతుకుల్లో కుర్చీ కదలదు గనక పెరడంతా సిమెంటు పలకలు పరిపిద్దామని కొడుకూ కోడలూ అనుకున్నారు. పలకలొచ్చి గోడవారగా పేర్చి ఉన్నాయి. అడ్డమల్లా కొట్టేసిన జామచెట్ల మొద్దులు రెండే. వాటిని పీకకుండా పైన పరిచేస్తే, అవి కుళ్లాక నేల కుంగిపోతుందని మేస్త్రీ ముందే చెప్పాడు.

చెట్లు నరికింది మామగారే. భార్యను ఆస్పత్రిలో చేర్చిన మర్నాడు, ఎవరు ఆపినా వినకుండా, రెండూ ఆవిడ చేత్తో నాటినవేనని తెలిసీ నరికేశారు. "మీరెవరూ చెప్పకండి, నేనే చెప్తాను" అన్నారు. చెప్పలేదు. అప్పట్నుంచీ ఆయనకి ఇంట్లో కాలు నిలవదు. కూర్చున్నవారల్లా లేస్తారు, వేసిన గడియే మళ్లీ లాగి చూస్తారు, తిప్పిన పేపరే తిప్పుతారు. భార్య గదిలోకి మాత్రం అడుగుపెట్టరు.

"మామయ్యా, ఆయన డ్యూటీకెళ్తూ ఇవాళ పని మొదలవ్వాల్సిందేనని చెప్పి మరీ వెళ్లారు" అంది కోడలు, లోపలికి వినపడకుండా.

"మొద్దుల్ని వదిలేసి చుట్టూ పరవమను" ఆయనదీ గుసగుసే.

"అప్పుడు అత్తయ్య కుర్చీ ఎక్కణ్ణుంచి పోతుంది, గాల్లోంచా?"

"పీకితే చప్పుడవుతుంది. ఏంటని అడుగుతుంది. ఏం చెప్పను?"

"జరిగిందే చెప్పండి! ఎన్నాళ్లిలా? ఆవిణ్ణి బయటికి తేకూడదనా మీ ఉద్దేశం?"

ఆఖరి మాట దగ్గర గుసగుస కాస్తా కేకైపోయింది. కోడలు నాలిక కరుచుకుంది. మామగారి మొహం పాలిపోయింది.

"ఇద్దరూ బాగానే తగువులాడుకుంటున్నారు" అన్న గొంతు వినపడి ముగ్గురూ తిరిగి చూశారు.

వెనక గుమ్మంలో చక్రాల కుర్చీ. ఎవరి సాయం లేకుండా అంతదూరం రావడం అదే మొదటిసారి. అత్తగారు ఆయాసపడుతూ మొద్దుల్నీ, మొగుణ్ణీ మార్చి మార్చి చూశారు.

"నాకు తెలీదనుకున్నారా? ఆస్పత్రి నుంచొచ్చిన మర్నాడే సాయంత్రం ఎండ నా మంచం మీదికొచ్చింది. ఆ చెట్ల నీడకి గదిలో ఎప్పుడైనా ఎండ చూశామా? విరిగింది తుంటి, కళ్లు కాదు."

"మరి అడగలేదేం అత్తయ్యా?"

"ఆయనే చెప్తారని చూశాను. చెప్పడం అటుంచు, గదిలోకే రావడం మానేశారు. పక్కింటాయనలా గుమ్మంలో నిలబడి 'మందేసుకున్నావా' అని వెళ్లిపోతారు. చెట్ల కోసం ఒక్కరోజే ఏడ్చాను. మిగతా రోజులన్నీ, మంచాన పడ్డదాని మొహం చూడ్డానికి ఈయనకి విసుగొచ్చిందేమోనని ఏడ్చాను."

మామగారు దగ్గరికెళ్లి కుర్చీ ముందు నేలమీదే కూలబడ్డారు.

"ఆ వేరు కోసెయ్యమని నువ్వెన్నిసార్లు చెప్పావు! రేపూ రేపూ అన్నాను. నువ్వు పడ్డాక... నా మీద నాకొచ్చిన కోపం అది. చెట్ల మీద తీర్చుకున్నాను. ఇంక ఏ మొహం పెట్టుకుని నీ దగ్గరికి రాను?"

"అత్త మీద కోపం దుత్త మీదన్నట్టు! వేరు కొయ్యమంటే చెట్టునే కొట్టేశారు. గోరు తియ్యమంటే వేలు తీసే మనిషి" అంటూనే ఆవిడ ఆయన నెరిసిన తలమీద చెయ్యి వేశారు.

కోడలు కొంగుతో కళ్లొత్తుకుంది. ఇన్నాళ్లూ మామగారిది ఒట్టి మొండితనమే అనుకుంది తను. అదే ఇంట్లో తిరుగుతూ కూడా, ఆ ఇద్దరి మధ్యా గోడ కడుతున్నది సిగ్గేనని పోల్చుకోలేకపోయింది.

మేస్త్రీ గునపం నేలలోకి దించాడు. చుట్టూ తవ్వి, వేళ్లు కొట్టి, మధ్యాహ్నానికి రెండు మొద్దుల్నీ పైకి దొర్లించాడు. గుంతల్లో మట్టి పోస్తుంటే మామగారు చెప్పులు విడిచి తనే దిగి తొక్కడం మొదలెట్టారు. తొక్కుతూ తొక్కుతూ ఉన్నట్టుండి చేతుల్లో మొహం దాచుకున్నారు.

"ఏడుపు తర్వాత" గుమ్మంలోంచి కేకేశారు అత్తగారు, తన కళ్లు తుడుచుకుంటూ. "ఆ మూల ఇంకా గుల్లగా ఉంది. గట్టిగా తొక్కండి. రేపు నన్ను తోసుకొచ్చేది మీరేగా!"