ఎడమ భుజం పక్కన

ఆ రోజు పొద్దున ఆకాశం చినుకు వేద్దామా వద్దా అన్నట్టుగా ఉంది. అదేదో తేలకముందే నేను మెట్లు దిగి నేల కింది గోదాములోకి వెళ్లిపోయాను. అక్కడికి ఆకాశం కబుర్లు చేరవు. ఉపగ్రహం సిగ్నలూ చేరదు.

అందుకే నన్ను పిలిపించారు. గోడలకు చిన్న పెట్టెలు బిగించి, అడుగడుగునా నేల మీద చీటీ అంటించి, ఫోను పట్టుకుని నిలబడి, ఏ పెట్టె సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో రాసుకోవాలి. ఆ అంకెలతో పటం తయారవుతుంది. తరువాత లోపల ఎవరు ఎక్కడున్నా వాళ్ల ఫోను తెర మీద చుక్కలా కనిపిస్తుంది. పొగ కమ్మితే మనిషిని వెతకడానికి అదే ఆధారం.

"నేలంతా ఈ చీటీలేంటండీ? ఇప్పుడే తుడిపించాను!"

స్టోర్ కీపరు గారి కూతురు. అక్కడే స్టాకు రాస్తుంది.

"గుర్తులు," అన్నాను.

"మాటలకి కూడా రేషనా మీకు?"

రెండో రోజుకి నా పుస్తకం ఆమె చేతిలో ఉంది. నేను అంకె చెబితే ఆమె రాసేది. తొమ్మిది రోజులు నా ఎడమ భుజం పక్కనే నడిచింది. తప్పు రాస్తే నాలుక కరుచుకునేది. బయట వాన కురిసిందో, ఎండ కాసిందో నాకు తెలియదు.

ఆఫీసరు వచ్చి చేసే పరీక్షకు ముందు రోజు ఒక్కడినే నడిచి చూశాను. చుక్క నాకు నాలుగు గజాల అవతల, అరల వెనక నిలబడింది. అంత తేడా వస్తే పని ఇంకొకరికి ఇస్తారు. నేను బస్సెక్కాలి.

"ఏమైందండీ, మొహం అలా పెట్టారు?" అంటూ ఆమె వచ్చి పక్కన నిలబడింది.

చుక్క జరిగి నా కాళ్ల దగ్గరికి వచ్చింది. ఆమె అవతలికి వెళితే మళ్లీ పారిపోయింది.

అప్పుడు అర్థమైంది. మనిషి ఒంట్లో చాలా భాగం నీరే. నీరు సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. నేను కొలిచిన ప్రతిచోటా ఆమె ఉంది. పటం నిండా ఆమే ఉంది.

చెబితే పకపకా నవ్వింది. "అయితే రేపు కూడా పక్కనే ఉంటాను. పాసైపోతారు."

"వద్దండి. ఇక్కడ పనివాళ్లు ఒంటరిగా తిరుగుతారు. ఫోను తప్పు చెబితే పొగలో మనిషి దొరకడు. మళ్లీ కొలవాలి. మీరు దూరంగా ఉండాలి."

"ఎంత దూరం?"

"తలుపు దాకా."

ఆమె మొహం చిన్నబోయింది. నా జన్మలో అలాంటి మాట ఎవరితోనూ అనలేదు, ఆ రోజు అన్నాను. "పటంలోంచి మిమ్మల్ని తీసేయగలను. నాకు మాత్రం మీరు పక్కన లేకుండా నడవడం చేతకావడం లేదు."

వెనక దగ్గు వినిపించింది. వాళ్ల నాన్న. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో!

"పరీక్ష వారం వాయిదా వేయమని అడగాలన్నమాట," అన్నారాయన. "కారణం ఏమని రాయమంటావోయ్?"

నేను వంగి నేల మీది చీటీ ఒకటి సరిచేశాను.

"నేను పక్కన ఉన్నానని రాయి నాన్నా," అంది ఆమె.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వారం రోజులు తలుపు దగ్గర కూర్చో. ఆ తరవాత నీకు నచ్చిన వాళ్ల పక్కన నిలబడు."

మాటల్లేవు గనక కొలత ఆరు రోజుల్లోనే అయిపోయింది. పరీక్ష రోజున ఆఫీసరు ఒక పనివాణ్ణి ఎక్కడో దాచి, కనిపెట్టమన్నాడు. చుక్క చూపిన చోటే నవ్వుతూ కూర్చుని ఉన్నాడతను.

మధ్యాహ్నం స్టోర్ కీపరు గారు స్టాకు కాగితాలు పక్కకు నెట్టి, బల్ల మీద అన్నం క్యారియరు విప్పారు. సగం నా వైపు తోశారు. ఆమె మంచినీళ్లు తెచ్చి నా ఎడమ పక్కన కూర్చుంది. ముగ్గురం కలిసి తిన్నాం.